కొలువు మెట్ల మీద యవన సేన!

ధనుర్మాసం వచ్చిందంటే మన ఇళ్ళల్లో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి తెల్లవారుజామున ముంగిట్లో ముగ్గులు. రెండోది అటక మీది బొమ్మల పెట్టె కిందికి దించడం. పాత చీర మూట విప్పి, దశావతారాల్లో ఏ స్వామివారి చెయ్యి విరిగిందో, పల్లకి మోసే బోయీల్లో ఎవరి తలపాగా రంగు పోయిందో చూసుకోవడం. ఆడపిల్లలు ఉత్సాహంగా చుట్టూ చేరతారు. మగపిల్లలు మాత్రం, “అదంతా మీ ఆడవాళ్ళ పండగ” అని బ్యాటు పుచ్చుకుని వీధిలోకి పోతారు. కొలువు పెట్టే నాటికి పేరంటాళ్ళు రావడమే తప్ప, ఇంట్లో సగం మందికి ఆ మెట్ల వంక చూసే తీరికే ఉండదు!

ఈ ఏడు ఒక చిన్న మార్పు చేసి చూద్దామా? మెట్లలో ఒక మెట్టు సైన్యానికి కేటాయిద్దాం. ఒక వైపు కొండపల్లి ఏనుగు అంబారీ, ఎదురుగా పదహారు మంది గ్రీకు సైనికులు. చరిత్ర పాఠంలో పిల్లలు బట్టీ పట్టే అలెగ్జాండరు, పురుషోత్తముల యుద్ధం మన ముందుగదిలో నిలబడుతుందన్నమాట. ఆ పదహారు మందినీ మనమే చేసి, మనమే రంగులు వేస్తాం. కావలసినవి చాలావరకు వంటింట్లోనే ఉన్నాయి!

“కొలువులో సిపాయిలేమిటమ్మాయ్?”

ఇంట్లో పెద్దవాళ్ళు ముందు ఈ మాటే అంటారు. “కొలువంటే దేవుళ్ళూ దేవతలూ ఉండాలి గానీ, ఎక్కడో సముద్రం అవతలి యవనులు మన మెట్లెక్కడమేమిటి?” అని. “అది కాదత్తయ్యా, మీ కొలువులో పాలు పోసే గొల్లభామ, తాడిచెట్టెక్కే గీతగాడు, ఎడ్లబండి లేవూ? కొలువంటే లోకమంతా కదా!” అని నెమ్మదిగా చెప్పి చూడండి. వినకపోతే ఇంకో మాట కూడా ఉంది. అది మన ఊరి మాటే.

జగ్గయ్యపేట ఊరు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గన్న పేరు మీద కట్టించుకున్నది. అంతకు ముందు అది బేతవోలు. ఆ ఊరి పక్కనే ధనబోడు గుట్ట మీద రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ స్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని పరిశీలించి లోకానికి చూపించారు. అక్కడ దొరికిన ఒక రాతిపలక మీద చక్రవర్తి నిలబడి చెయ్యి పైకెత్తితే, మబ్బుల్లోంచి నలుచదరపు నాణేలు వానలా కురుస్తుంటాయి. ఆయన చుట్టూ రాణి, మంత్రి, ఏనుగు, గుర్రం, చక్రం, మణి. చూస్తే ఒక మెట్టు మీద పేర్చిన కొలువులాగే ఉంటుంది! ఆ పలక చెన్నై ప్రభుత్వ మ్యూజియానికి చేరింది.

అదే స్తూపం దగ్గర ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం నాటి శాసనం కూడా దొరికింది. ఆ రాజుల రాజధాని కృష్ణ ఒడ్డునే ఉన్న విజయపురి, అంటే మన నాగార్జునకొండ. అక్కడ రాతిస్తంభం మీద గడ్డం పెంచుకుని, చొక్కా, పంట్లాము లాంటి దుస్తులు తొడుక్కుని, బల్లెం పట్టుకున్న పరదేశి సైనికుడి బొమ్మ ఒకటి ఉంది. అతన్ని శకుడని చరిత్రకారులు చెబుతారు. వీరపురుషదత్తుడి రాణుల్లో ఒకరైన రుద్రధర భట్టారిక ఉజ్జయిని నుంచి వచ్చిన రాకుమారి. పరదేశి బంట్లు మన రాజుల వాకిలి ముందు రాతిలో నిలబడి పదిహేడు వందల ఏళ్ళు దాటింది. ఇప్పుడు మన కొలువు మెట్టు మీద నిలబడితే తప్పేముంది చెప్పండి?

రంగులు వెయ్యడం మన మెట్ట ప్రాంతానికి కొత్తా?

పాత కృష్ణా జిల్లా మెట్ట, అంటే నందిగామ, జగ్గయ్యపేట, మైలవరం వైపు ఊళ్ళు 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. జిల్లా పేరు మారినా రంగుల ముచ్చట మారలేదు. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో కొలువైన తిరుపతమ్మ తల్లి సంగతే తీసుకోండి. అమ్మవారి, గోపయ్యస్వామి విగ్రహాలకు రెండేళ్ళకోసారి కొత్త రంగులు వేయిస్తారు. అందుకోసం వాటిని ఊరేగింపుగా జగ్గయ్యపేటకే తీసుకొస్తారు. రంగులయ్యాక మళ్ళీ ఊరేగింపుగా తీసుకెళ్తుంటే దారి పొడుగునా జనమే జనం. రంగు వెయ్యడమే ఒక ఉత్సవం అయిన ప్రాంతం మనది!

ఇక కొండపల్లి. నందిగామ నుంచి బెజవాడ వెళ్ళే దారిలో కంచికచర్ల దాటి, ఇబ్రహీంపట్నం దగ్గర ఎడమ చేతి వైపు తిరిగితే చాలు. కొండ మీద కోట, కొండ కింద బొమ్మలు చేసే ఇళ్ళు. ఈ పనివారిని ఆర్యక్షత్రియులంటారు. వాళ్ళ పూర్వీకులు కొన్ని వందల ఏళ్ళ కిందట రాజస్థాన్ వైపు నుంచి వచ్చారని వాళ్ళ ఇళ్ళల్లో తరతరాలుగా చెప్పుకుంటారు.

వాళ్ళ పని తీరు తెలిస్తే మన పని సగం అయినట్టే. తెల్ల పొణికి అని ఒక చెట్టుంది. దాని కర్ర ఎంత తేలికంటే, చేతిలో పెట్టుకుంటే బెండులా ఉంటుంది. మెత్తగా ఉండి, చీలిపోకుండా ఉలికి లొంగుతుంది. ఆ కర్రను ఎండబెట్టి, సన్నని సెగ మీద తడి పూర్తిగా పోగొడతారు. ఒకే ముక్కలో బొమ్మంతా చెక్కరు. ఒళ్ళు వేరుగా, చేతులు వేరుగా, ఏనుగు తొండం వేరుగా చెక్కి అతికిస్తారు. అతికించేది చింతపిక్కల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో. దాన్ని మక్కు అంటారు. ఆకురాయితో నునుపు చేసి, సున్నం పూత పూసి, ఆరాక రంగులు వేస్తారు. చెక్కే పని ఎక్కువగా మగవాళ్ళది. పూత పూసి, రంగులు వేసి, కళ్ళు దిద్దే పనిలో పెద్ద వాటా ఆ ఇంటి ఆడవాళ్ళది. వంట చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ మధ్యలో కుంచె పట్టుకుంటారు. అంబారీ ఏనుగు మీది జూలుకు అంచు గీసిన చెయ్యి, పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేసిన చెయ్యి ఒక్కటేనన్నమాట!

ఎవరీ యవనులు?

మన పాత పుస్తకాల్లో గ్రీకులను యవనులనేవారు. వాళ్ళ పదాతి సైన్యం పేరు చెబితే పశ్చిమ దేశాలు వణికేవి. అలెగ్జాండరు క్రీస్తుపూర్వం 326లో జీలం నది ఒడ్డున పురుషోత్తముడితో తలపడ్డాడు. అయిదు వందల ఏళ్ళ తర్వాత ఆ కథ రాసిన ఆరియన్ లెక్క ప్రకారం పురుషోత్తముడి దగ్గర 200 ఏనుగులు, 300 రథాలు, 4,000 గుర్రాలు, 30,000 కాల్బలం ఉన్నాయి. ఏనుగుకూ ఏనుగుకూ మధ్య వంద అడుగుల ఎడం పెట్టి గోడలా నిలబెట్టాడట. గెలిచింది అలెగ్జాండరే. కానీ ఒళ్ళంతా గాయాలతో ఏనుగు దిగిన పురుషోత్తముడు తనను రాజులాగే చూడమన్నాడనీ, అలెగ్జాండరు మెచ్చి రాజ్యం తిరిగి ఇచ్చాడనీ కథ. పిల్లలకు చెప్పదగ్గ ముచ్చటే!

అలెగ్జాండరు కాల్బలం వరసలు కట్టి నిలబడేది. ఒక్కొక్కరి చేతిలో పదిహేను నుంచి పద్దెనిమిది అడుగుల పొడుగు బల్లెం, అంటే మన పెంకుటింటి దూలమంత! దాన్ని రెండు చేతులా పట్టుకోవాలి కాబట్టి డాలు చిన్నది, రెండడుగుల వెడల్పు. ఎడమ భుజానికి తగిలించుకునేవారు. ముందు అయిదు వరసల బల్లేలు ఒకేసారి ముందుకు చాచి ఉంటే, వెనక వరసల వాళ్ళు బల్లేలు పైకెత్తి పట్టుకునేవారు. ముళ్ళపందిని ఎదిరించడం ఎంత సులువో దాన్ని ఎదిరించడమూ అంతే!

ఇంకో విశేషం. మ్యూజియాల్లో గ్రీకు శిల్పాలన్నీ తెల్లగా కనిపిస్తాయి కదా... ఒకప్పుడు అవి అలా ఉండేవి కావు. కళ్ళు మిరుమిట్లు గొలిపే రంగులుండేవి. 1887లో సిడోన్ అనే పట్నంలో ఒక రాతి శవపేటిక దొరికింది. ఇప్పుడది ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. దాని మీద అలెగ్జాండరు యుద్ధం చెక్కి ఉంది. పసుపు, ఎరుపు, నీలం, ఊదా రంగుల జాడలు దాని మీద ఇప్పటికీ ఉన్నాయి. కాబట్టి మన సైనికులకు కొండపల్లి బొమ్మకు వేసినట్టు నిండు రంగులే వెయ్యండి. చరిత్రకు ద్రోహం చేసినట్టేమీ కాదు!

కావలసినవి (పదహారు మందికి)

పాత దినపత్రికలు ఇరవై కాగితాలు. గుప్పెడు మెంతులు. చింతపిక్కలు రెండు గుప్పిళ్ళు. కాల్చిన అగరుబత్తి పుల్లలు యాభై. కొబ్బరి చీపురు పుల్లలు పదహారు. సోడా సీసా మూతలు పదహారు. పీటలకు కొంచెం చెరువు మట్టి. సుద్దపొడి. కొంచెం గోగునార. గరుకు కాగితం ఒకటి. కుంచెలు రెండు, ఒకటి లావు, ఒకటి సన్నం. రంగులు: తెలుపు, నలుపు, ఎరుపు, పసుపు, నీలం, ముదురు గోధుమ. ఇంతే!

చేసే విధానం

1. కాగితాలు చిన్న ముక్కలుగా చించి రెండు రోజులు నీళ్ళల్లో నానబెట్టండి. రోజూ నీళ్ళు మార్చండి. మెంతులు విడిగా ఒక రాత్రి నానబెట్టండి. నీళ్ళు పిండేసి రెండూ కలిపి మెత్తగా రుబ్బండి. మన అమ్మమ్మలు కాగితం బుట్టలు చేసింది ఈ గుజ్జుతోనే. మెంతులు గుజ్జును పట్టి ఉంచుతాయి. రోటిని మళ్ళీ శుభ్రంగా కడిగాకే పప్పు రుబ్బుకోవాలని వేరే చెప్పక్కర్లేదనుకోండి!

2. చింతపిక్కలు మూకుట్లో వేయించి, పైపొట్టు తీసేసి, దంచి పొడి చేయండి. ఆ పొడిని నీళ్ళల్లో కలిపి సన్నని సెగ మీద జావలా ఉడికిస్తే మంచి జిగురు వస్తుంది. ఇందులో కాస్త రంపపు పొట్టు కలిపితే మక్కు తయారు. వడ్రంగి కొట్టులో పొట్టు ఊరికే ఇస్తారు.

3. చెరువు మట్టితో అంగుళం వెడల్పు పీటలు చేసి, తడి ఆరకముందే ఒక్కో దానిలో రెండు అగరుబత్తి పుల్లలు గుచ్చండి. అవే కాళ్ళు. పీట పూర్తిగా ఎండాక పుల్లలను పైన దారంతో కట్టి, గుజ్జుతో ఒళ్ళు పొయ్యండి. మనిషి ఎత్తు మూడంగుళాలు. మోకాళ్ళ దాకా అంగీ ఉన్నట్టు చేస్తే కాళ్ళు విడదీసే శ్రమ తగ్గుతుంది. తల చిన్న రేగిపండంత. శిరస్త్రాణం గంటలా, చెవుల దాకా దిగినట్టు వత్తండి.

4. నీడలో మూడు నాలుగు రోజులు ఆరనివ్వండి. ఎండలో పెడితే పైన గట్టిపడి లోపల తడి ఉండిపోయి, పగుళ్ళు వస్తాయి. చేతులు విడిగా చేసి, ఆరాక మక్కుతో అతికించండి. ఇది అచ్చంగా కొండపల్లి పద్ధతే.

5. ఇప్పుడు బల్లెం. లెక్క చూడండి. అయిదున్నర అడుగుల మనిషికి పద్దెనిమిది అడుగుల బల్లెం అయితే, మూడంగుళాల బొమ్మకు పదంగుళాల పుల్ల కావాలి. కొబ్బరి చీపురు పుల్ల కొలిచినట్టు సరిపోతుంది! రెండడుగుల డాలుకు అంగుళం పైచిలుకు. సోడా మూత దాదాపు అంతే. అంచు ముడతలు సుత్తితో కొట్టి నునుపు చేసి, ఎడమ భుజం మీద అతికించండి. శిరస్త్రాణం మీది కుచ్చుకు గోగునార కత్తిరించి అంటించండి. అసలు సైనికులు గుర్రపు వెంట్రుకలు పెట్టుకునేవారు.

6. బొమ్మంతా గరుకు కాగితంతో సున్నితంగా రుద్ది, సుద్దపొడిలో జిగురు కలిపి రెండు పూతలు పూయండి. మొదటి పూత ఆరాకే రెండోది. ఈ తెల్లపూత లేకుండా రంగు వేస్తే గుజ్జు రంగును పీల్చేసుకుని వెలవెలబోతుంది. గోడకు సున్నం వేయకుండా రంగు వేసినట్టే!

రంగులు వేసే వరస

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఒక బొమ్మ పూర్తి చేసి, ఇంకోటి తీసుకుంటారు. అలా చేస్తే నాలుగో బొమ్మకే విసుగొచ్చేస్తుంది. పైగా రంగు కలిపిన ప్రతిసారీ ఛాయ మారిపోతుంది. అప్పడాలు ఒత్తేటప్పుడు ఏం చేస్తాం? ముందు ఉండలన్నీ చేసుకుని, తర్వాత అన్నీ ఒత్తి, ఆపైన అన్నీ ఎండలో వేస్తాం కదా. ఇదీ అంతే. పదహారు మందికీ ఒకసారి ఒళ్ళు రంగు, తర్వాత పదహారు మందికీ అంగీ, ఇలా ఒక్కో రంగు ఒక్కో కూర్చోడం.

మొదట ఒంటి రంగు: గోధుమ, తెలుపు, చిటికెడు ఎరుపు. తర్వాత అంగీ: ఎరుపు గానీ నీలం గానీ. ఒక్కో వరసకు ఒక్కో రంగు వేస్తే మెట్టు మీద అందంగా ఉంటుంది. ఛాతీ కవచం తెలుపు. నార బట్టను పొరలు పొరలుగా అతికించి కవచాలు చేసుకునేవారని చెబుతారు. అంచులకు ఎర్ర గీత. డాలు, శిరస్త్రాణం కంచు రంగు. కంచు రంగు కొనక్కర్లేదు, పసుపులో గోధుమ రెండు చుక్కలు, ఎరుపు ఒక చుక్క కలపండి. మన పూజగది కంచు గంట పక్కన పెట్టుకుని పోల్చి చూసుకుంటూ కలిపితే ఇంకా బాగా కుదురుతుంది.

రంగులన్నీ ఆరాక ఒక చిట్కా. గోధుమరంగును టీ డికాక్షన్ అంత పలచగా నీళ్ళల్లో కలిపి, బొమ్మ మీద ఒకసారి తిప్పి, వెంటనే పాత గుడ్డతో తుడిచేయండి. అంగీ మడతల్లో, చేతుల సందుల్లో మాత్రం ఆ రంగు నిలిచి, నీడలా కనిపిస్తుంది. బొమ్మకు ఒక్కసారిగా ప్రాణం వచ్చినట్టు ఉంటుంది.

డాళ్ళ మీద మధ్యలో నక్షత్రం వెయ్యండి. అలెగ్జాండరు పుట్టిన మాసిడోనియా వాళ్ళ గుర్తు పదహారు కిరణాల నక్షత్రం. అరవై నాలుగు చుక్కల ముగ్గు ఊపిరి బిగబట్టకుండా వేసే మన చేతికి ఇదొక లెక్కా! ముందు నిలువు, అడ్డం, ఆపైన మూలలు, వాటి మధ్య మధ్యల్లో ఇంకో కిరణం. పదహారు లెక్క సరిపోతుంది.

కళ్ళు మాత్రం చివరనే! చీపురు పుల్ల మొన చెక్కి, నల్లరంగులో ముంచి, ముందు కనుబొమ గీత, దాని కింద చుక్క. రెండు కళ్ళూ ఒకే వైపు చూసేలా ముందు కుడి కన్ను, వెంటనే ఎడమ కన్ను. పిల్లల చేత ఒక్కొక్కరి కళ్ళు పెట్టించండి. పెట్టిన వాళ్ళు ఆ బొమ్మను ఏళ్ళ తరబడి గుర్తుపడతారు.

జాగ్రత్తలు

పాత ఇంట్లో మిగిలిన రంగు డబ్బా దొరికింది కదా అని వాడేయకండి. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పాళ్ళు పది లక్షల్లో 90 దాటకూడదని మన దేశంలో నిబంధన పెట్టింది 2016లో, అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందరి డబ్బాల సంగతి ఎవరూ చెప్పలేరు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. నీళ్ళల్లో కరిగే రంగులే తీసుకోండి, డబ్బా మీద సీసం లేదని రాసి ఉందో లేదో చూసి కొనండి. వాటికి కిరసనాయిలు వాసన కూడా ఉండదు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే ఈ మెట్టును పై వరసలోకి మార్చండి. బల్లేల మొనలు కత్తిరించి మొండిగా ఉంచండి.

పండగయ్యాక ఒక్కొక్క బొమ్మను మెత్తని నూలు గుడ్డలో చుట్టి, పెట్టె అడుగున ఎండు వేపాకు పరిచి దాచండి. బల్లేలు విడిగా కట్టి పెట్టుకుంటే విరగవు.

ఎదుటి పక్షం కొండపల్లిదే!

మన సేన నాలుగు వరసలు, వరసకు నలుగురు. ముందు రెండు వరసల బల్లేలు ముందుకు, వెనక రెండు వరసలవి పైకి. ఎదురుగా పురుషోత్తముడు కావాలి. దీనికి మాత్రం మన చేతి పని చాలదు. కొండపల్లి ఏనుగు అంబారీ ఒకటి కొనండి. పైన రాజు, మెడ మీద మావటి. అంతకు మించిన పురుషోత్తముడు ఎక్కడ దొరుకుతాడు!

కొనేటప్పుడు చేత్తో ఎత్తి చూడండి. పొణికి కర్ర బొమ్మ అయితే గాలిలా తేలుతుంది. అచ్చు పోసినవి బరువుగా ఉంటాయి, పది బొమ్మలు తీసినా పదింటి ముఖాలూ ఒక్కలాగే ఉంటాయి. చేత్తో చేసిన ఏ రెండు ఏనుగులూ ఒక్కలా ఉండవు. కొండపల్లి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చి చాలా ఏళ్ళయింది. వేరే చోట చేసిన దానికి ఆ పేరు పెట్టి అమ్మకూడదు. లేపాక్షి దుకాణాల్లోనూ దొరుకుతాయి. కానీ వీలైతే ఒక పూట పిల్లల్ని తీసుకుని కొండపల్లికే వెళ్ళండి. కళ్ళ ముందు చెక్కుతుంటే చూసిన పిల్లవాడు ఆ బొమ్మను విసిరికొట్టడు.

ఒక్క మాట మాత్రం మనసులో పెట్టుకోండి. తెల్ల పొణికి చెట్టు అడవిలో పెరగాలి, బొమ్మకు పనికొచ్చేంత కావడానికి ఏళ్ళు పట్టాలి. కొట్టినంత తొందరగా నాటినవి ఎదగవు. దగ్గరి కొండల్లో కర్ర తగ్గిపోయి, పనివారికి దొరకడమే కష్టమైంది. ఖరీదూ పెరిగింది. బొమ్మ ధర మాత్రం ఆ లెక్కన పెరగదు. ఎందుకంటే మనం బేరమాడతాం! కూరగాయల దగ్గర అలవాటైన నోరు ఇక్కడా ఊరుకోదు. పిల్లలకు చదువులొచ్చాక ఆ ఇళ్ళల్లో కొందరు ఉలి పక్కన పెట్టి వేరే ఉద్యోగాలు చూసుకుంటున్నారంటే తప్పు పట్టగలమా?

పదహారు బొమ్మలకు స్వయంగా రంగు వేసిన చేతికి ఒక సంగతి తెలిసిపోతుంది. ఒక కన్ను సరిగ్గా కుదరడానికి ఎంత ఊపిరి బిగబట్టాలో, ఒక పూత ఆరడానికి ఎన్ని గంటలు కాచుకోవాలో. ఆ తర్వాత అంబారీ ఏనుగు ధర విని “ఇంతా?” అనాలనిపించదు. ఇన్నాళ్ళూ ఇంత తక్కువకు ఎలా ఇచ్చారా అనిపిస్తుంది. ఈ సేన కట్టడంలో అసలు లాభం అదే!

నాలుగు వేల ఏళ్ళ ముచ్చట

బొమ్మల సైన్యం పిల్లల ఆటే అనుకోకండి. ఈజిప్టులో మెసెహ్తి అనే అధికారి సమాధిలో చెక్కతో చేసి రంగులు వేసిన రెండు దళాలు దొరికాయి. నలభై మంది ఈజిప్టు బల్లెం బంట్లు, నలభై మంది నూబియా విలుకాళ్ళు. సుమారు నాలుగు వేల ఏళ్ళ నాటివి, రంగు ఇంకా పోలేదు. 1913లో ఇంగ్లండు రచయిత ఎచ్.జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఆడే ఆట మీద ఒక పుస్తకమే రాశాడు. అసలు యుద్ధాలన్నీ మానేసి ఇలా బొమ్మలతో ఆడుకుంటే లోకానికి ఎంత మేలని ఆయన వాదన. మరుసటి ఏడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది!

మెట్టు మీద నిలబెట్టిన సేన ఎవరి ఇల్లూ కాల్చదు. పేరంటాళ్ళు వచ్చినప్పుడు శనగలూ తాంబూలమూ అందుకుంటూ, “ఈ కొబ్బరి పుల్లల వాళ్ళెవరు వదినా?” అని అడుగుతారు. మీ అబ్బాయి బ్యాటు మూల పడేసి వచ్చి, అలెగ్జాండరు ఎవరో, పురుషోత్తముడు ఏమన్నాడో గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. మీ అమ్మాయి తాను కళ్ళు పెట్టిన బంటు ఏ వరసలో ఉన్నాడో వేలు పెట్టి చూపిస్తుంది.

కాగితాలు ఈ వారమే నానబెట్టండి. రెండో వారానికి బొమ్మలు ఆరతాయి. మూడో వారంలో తెల్లపూత, రంగులు. నాలుగో వారంలో కళ్ళు. భోగి నాటికి సేన సిద్ధం. ఏనుగు కోసం మాత్రం కొండపల్లి వెళ్ళండి, బేరమాడకుండా రండి!